క్షేత్రగణితమునకు గురువును వెదకిన బాలిక

పరీక్షలు దగ్గర పడిన దినములలో మావంటి యుపాధ్యాయుల యిండ్లకు గృహస్థులు వచ్చి యడుగు మాట యొకటి కలదు. "మావాడు తక్కిన పాఠములు బాగుగనే చదువుచున్నాడండీ, క్షేత్రగణిత మనిన మాత్రము వాని కేమియు బోధపడకున్నది. ఎవరినైన మంచి మాష్టారిని చూచి పెట్టుడు" అందురు. మంచి మాష్టారనగా వారి యభిప్రాయమున సిద్ధాంతము లన్నియు కంఠస్థములై, శిష్యులకు నూటికి నూఱు మార్కులు తెప్పింపగలవాడు. మేమును చాల యేండ్లు అట్టివారి పేర్లే చెప్పి పంపుచు వచ్చితిమి. స్కాట్లండు దేశపు వృద్ధురాలొకతె తన తొంబదవయేటి ప్రాంతమున వ్రాసికొన్న స్వీయచరిత్రమును చదివిన పిమ్మట ఆ పేర్లు చెప్పుటకు మాకు మునుపటి ధైర్యము లేదు. ఆమెయు బాల్యమున క్షేత్రగణితమునకు గురువును వెదకినదే. ఆమెకు దొరకిన గురువు చేసిన పని మిక్కిలి స్వల్పము. ఆ కథ మన యిండ్లవారికిని వినదగినదని తోచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఆమె పేరు మేరీ ఫెయిర్‌ఫాక్సు. తరువాత మేరీ సోమర్విల్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. 1780 వ సంవత్సరము డిసెంబరు 26 వ తేదీన జెడ్‌బరో పట్టణమున జన్మించెను. తండ్రి బ్రిటిషు నౌకాదళమున నుద్యోగి. ఆయన కాలము చాలవఱకు సముద్రముమీదనే గడచుచుండెను. కాపురము ఎడింబరో నగరమున కెదురుగా, సముద్రపుపాయ కావలియొడ్డున నున్న బర్న్‌టైలండు అను చిన్న రేవులో. తల్లి కూతునకు బైబిలు చదువుట నేర్పెను, వ్రాత నేర్పలేదు. తండ్రి దీర్ఘయాత్రనుండి మరలివచ్చి, ఒడ్డున గవ్వలేఱుకొనుచు స్వేచ్ఛగా తిరుగుచున్న కూతును చూచి, వ్రాయుటయు జమాఖర్చు చూచుకొనుటయునైన రావలయునని పదవయేట నామెను మసల్‌బరోలోని బాలికల వసతిపాఠశాలకు పంపెను.

ఆ పాఠశాలలో మొదటి పాఠము దేహమునకు. నడుమునకు బిగువైన కవచము తొడిగి, దాని ముందు ఉక్కుపలక నిలిపి, భుజములను వెనుకకు లాగి కట్టి, గడ్డముక్రింద ఉక్కుకమ్మి నుంచి, అప్పుడు చదువుమనిరి. ఆ చదువు జాన్సను నిఘంటువులో పుటకొకపుట వల్లించుట: ప్రతిపదమునకు వర్ణక్రమము, వ్యాకరణ జాతి, అర్థము మాత్రమే కాక, పదము లొకదానివెనుక నొకటి యే వరుసనున్నవో గూడ అప్పగింపవలయును. మేమును చిన్ననాట అమరము వల్లించినవారమే. దానిని నిందింపము. అమరమున శ్లోకముండును, లయ యుండును, పర్యాయపదముల పొందిక యుండును. అకారాది నిఘంటువున నేమున్నది? ఏడాదికి మేరీ యింటికి వచ్చెను. వచ్చిన కొన్నాళ్లకు ఒక జాబునకు బదులు వ్రాయవలసివచ్చి, అక్షరములు వంకరగా, పదములు తప్పులతడకగా వ్రాసెను. ఇంత సొమ్ము వ్యయమైనను ఉత్తరము ముక్క వ్రాయుట రాలేదని యింట చీవాట్లు తినెను. అప్పటికామె యందఱి దృష్టిలోను చదువురాని పిల్లయే.

ఇంట నున్న పుస్తకములను తనంత చదువుకొన నారంభించెను. బంధువురాలొకతె చూచి, ఈ పిల్ల మగవానివలె సూది ముట్టకున్నదే, చదువుటకు వదలి కాలమేల వ్యర్థము చేయుదురని తల్లిని దెప్పెను. వెంటనే కుట్టుబడికి పంపిరి. ఊరి బడిపంతులు శీతకాలపు సాయంకాలములందు వచ్చి భూగోళ ఖగోళముల బొమ్మగోళములు చూపి కొంత చెప్పెను. ఆయన మగపిల్లలకు లాటినుభాషయు నౌకాగణితమును చెప్పుచుండెను గాని అవి బాలికకు చెప్పుట యన్న మాటయే లేదు. పదుమూడవయేట జెడ్‌బరోలో మామగారి వరుసయగు థామస్ సోమర్విల్ అను మతాచార్యునికి, తాను రహస్యముగా లాటిను చదువుకొనుచున్నానని భయపడుచు చెప్పెను. ఆయన కోపింపలేదు. పూర్వము స్త్రీలలోను పండితు లుండిరని చెప్పి, ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఉదయమున ఫలాహారమునకు ముందు వర్జిలుకావ్యము చదివించెను. ఆమె మొదటిసారి మెచ్చుకోలు వినినది అప్పుడే.

గణితము వైపు ద్రోవచూపినది, వింత యేమనగా, ఒక సొగసుల పత్రిక. ఒకరి యింట తేనీటి విందునకు పోయినపుడు, స్త్రీల దుస్తుల బొమ్మలుగల మాసపత్రిక పుటలు త్రిప్పుచుండ, చివర నొక చిక్కుప్రశ్నయు, దాని జవాబులో అంకెలనడుమ అక్షరములును కనబడెను. ఇదేమని తోడి యువతి నడుగగా, అదియొక విధమైన లెక్క, బీజగణిత మందురట, అంతకుమించి నాకు తెలియదని యామె చెప్పెను. ఇంట వెదకగా రాబర్ట్‌సను వ్రాసిన నౌకాగణిత గ్రంథ మొకటి దొరకెను. అది చాలవఱకు బోధపడలేదు. పిమ్మట ఎడింబరోలో అలెగ్జాండరు నాస్మిత్ అను చిత్రకారునియొద్ద చిత్రలేఖనము నేర్చుకొనుచుండ, ఆయన తక్కిన స్త్రీలతో, దూరపుది చిన్నదిగా దగ్గఱిది పెద్దదిగా వ్రాయు రీతి తెలియవలయునన్న యూక్లిడు క్షేత్రగణితము చదువవలయుననియు, ఖగోళశాస్త్రమునకును యంత్రశాస్త్రములకును గూడ నదియే పునాదియనియు చెప్పుట ఆమె చెవిని బడెను. తనకేమి కావలయునో అప్పటికి తెలిసెను. కాని యెట్లు తెచ్చుకొనుట? బాలిక యంగడికి పోయి యూక్లిడు గ్రంథ మిమ్మని యడుగుట ఆ కాలపు మర్యాదకు సరిపడని పని.

ఇచ్చట మన దేశపు మాట యొకటి చెప్పక తీరదు. మనకీ శాస్త్ర మన్యము కాదు. 1150 వ సంవత్సరమున పూర్తియైన భాస్కరాచార్యుని లీలావతిలో క్షేత్రవ్యవహారమని ప్రకరణమే యున్నది; అందు ప్రశ్నలు పెక్కులు ఒక బాలికను సంబోధించి వేసినవి. ఆమె యాచార్యుని కూతురని ప్రతీతి. పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభమున జయపురాధీశుడగు సవాయి జయసింహుని కొలువున సమ్రాట్ జగన్నాథుడు అరబ్బీమూలమునుండి యూక్లిడును రేఖాగణిత మను పేర సంస్కృతీకరించెను. బాలికను పేరు పెట్టి పిలిచి లెక్క చెప్పిన గ్రంథము గల దేశమున, ఆ గ్రంథమును బాలిక చేతికిచ్చిన యిండ్లెన్ని? స్కాట్లండువారిని చూచి నవ్వుటకు మనకు చోటు లేదు.

మేరీకి హెన్రీ యను తమ్ముడుండెను. వానికి చదువు చెప్పుటకు క్రా అను నొక యుపాధ్యాయుని కుదిర్చిరి. సాధువు, మంచి మనసుగలవాడు. మేరీ ధైర్యము చేసి యాతనిని తన కోరిక యడిగెను. ఆతడు మఱుసటిసారి ఎడింబరో పోయినపుడు యూక్లిడును, బానీకాజిల్ వ్రాసిన బీజగణితమును కొనితెచ్చి యిచ్చెను. ఇది యాతడు చేసిన మొదటి పని. రెండవది: మొదటి యధ్యాయములోని కొన్ని సిద్ధాంతముల నిరూపణములు ఆమె చెప్పుచుండ కూర్చుండి వినెను. అంతే. తాను పోవు త్రోవ సరియైనదని తెలిసికొన్నపిమ్మట ఆమె యొంటరిగనే ముందుకు సాగెను.

వినుట యొక పనియా యని చదువరు లడుగవచ్చును. మొదటి యధ్యాయమున నైదవ సిద్ధాంతమును చూడుడు. రెండు భుజములు సమానముగాగల త్రిభుజమున ఆధారముకడ నున్న కోణములు రెండును సమానములు. దీనికి పాశ్చాత్యులు గార్దభసేతు వని పేరుపెట్టిరి. మందబుద్ధులు దాటలేని వంతెన యని భావము. మా యనుభవమున దీనికడ నాగువారు గార్దభములు కారు. బొమ్మ చూచినతోడనే విషయము సత్యమని కంటికి తోచును. ఆ తోచుటయే చిక్కు. తోచినదానికి మరల హేతువేల యని బాలుడు తెల్లబోవును. తనలో చదువుకొనునపుడు పుస్తకమున 'కాబట్టి' అని యున్నచోట కన్ను జాఱిపోవును. ఎదుట నొకరు కూర్చుండి వినుచున్న, అచ్చటనే నోరాగును. ఏ మెట్టు తనకు తెలియలేదో అపుడు గాని వానికి తెలియదు. పాఠము చెప్పు మాష్టారు మాత్రము ఆ మెట్టును తానే గబగబ దాటిపోవును. మేమును నల్లబల్లమీద నట్లే దాటినవారము.

క్రా కథ చదివినపుడు మాకు మఱియొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. ఇరువదేండ్ల క్రిందట మేమొక యింట పదవతరగతి బాలునకు గణితము చెప్పుటకు పోవుచుంటిమి. వాని యక్కను పదవతరగతితో చదువు మాన్పించిరి. ఆమె గుమ్మమునకు లోపలనుండి వినుచుండెడిది కాబోలు. ఒకనాడు తమ్మునిచేత, పై తరగతి గణితపుస్తక మొకటి దొరకునా యని యడిగించెను. పట్నమునుండి తెత్తుమంటిమి. రెండు వారములు మఱచితిమి. మూడవ వారమున ఆమెకు సంబంధము కుదిరినదని విని, ఇక నెందుకులే యని యూరకుంటిమి. తమ్ముడు పరీక్షలో నెగ్గెను. వారు మాకు బట్టలు పెట్టిరి.

మేరీ కథకు వత్తము. పగలు నాలుగైదు గంటలు సంగీతము, చిత్రలేఖనము, తన దుస్తులు తానే కుట్టుకొనుట. కనుక యూక్లిడు రాత్రికి మిగిలెను. క్రొవ్వొత్తు లింత త్వరగా నేల యయిపోవుచున్నవని విచారము వచ్చి, చిన్నమ్మగారు ప్రొద్దుపోవువఱకు చదువుచున్నారని దాసీలు తల్లికి చెప్పిరి. ఆమె పక్క యెక్కగానే దీపము తీసికొనిపోవలయునని యాజ్ఞ యయ్యెను. అప్పటికి మొదటి యాఱధ్యాయములు పూర్తియై యుండెను. దీపము పోయిన పిదప మేరీ చీకటిలో పండుకొని, మొదటి సిద్ధాంతము మొదలుకొని రాత్రికిన్ని యని మనస్సులోనే నిరూపించుకొనుచు, కొంతకాలమునకు ఇంచుమించుగా నాఱధ్యాయములును అట్లు చేయగలిగెను. నిఘంటువు పుట నిలువని జ్ఞాపకమున యూక్లిడు నిలిచెను. తండ్రి యింటికి వచ్చి సంగతి విని జడిసెను. సముద్రముమీద రేఖాంశము కనుగొను లెక్కలలో పడి యొకడు పిచ్చివాడయ్యెననియు, దీనిని మాన్పింపకున్న మేరీని గూడ కట్టివేయవలసి వచ్చుననియు భార్యతో చెప్పెను. ఆయన క్రూరుడు కాడు. 1797 వ సంవత్సరపు క్యాంపర్‌డౌను యుద్ధమున అడ్మిరల్ డంకనుయొక్క ఓడకు కెప్టెనుగా నుండిన శూరుడు. ఫిరంగులకు జంకనివాడు కూతురి త్రిభుజములకు జంకెను.

1804 లో సామ్యుయల్ గ్రేగు అను బంధువునితో వివాహమయ్యెను. స్త్రీల బుద్ధిశక్తియం దాతనికి నమ్మకము మిక్కిలి తక్కువ. చదువు మాన్పలేదు, ప్రోత్సహింపనులేదు. 1807 లో నాతడు మరణించెను. ఇరువురు కుమాళ్లతో బర్న్‌టైలండునకు మరలివచ్చిన పిమ్మట, ఎవరి యనుమతియు నక్కఱలేనిదై, ఆమె బహిరంగముగా చదువసాగెను. చుట్టములు వెఱ్ఱియనిరి. గణితాచార్యుడు విలియం వాలెసుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, 1811 లో నొక గణితపత్రికవారి ప్రశ్నను సాధించి, తన పేరు చెక్కిన వెండిపతకము పొందెను. వాలెసు తమ్ముడు జాన్ ఆమెతో కూడ గ్రంథములు చదివెను. దానివలన తనయందు తనకు నమ్మకము కలిగెనని యామె వ్రాసికొన్నది. 1812 లో, మునుపు వర్జిలు చదివించిన మామగారి కుమారుడగు విలియం సోమర్విల్ అను వైద్యుని పెండ్లాడెను. కావలసిన గణితగ్రంథములన్నియు కొని తనదని చెప్పుకొనదగిన పుస్తకశాల యేర్పఱచుకొనునప్పటికి ఆమెకు ముప్పదిమూడేండ్లు. బాలురకు పదునైదవయేట చేతికి వచ్చునది!

తరువాత చరిత్రము లోకవిదితము. లాప్లాసుని ఖగోళగణితమును వివరించు నామె గ్రంథము 1831 లో వెలువడి కేంబ్రిడ్జిలో పై తరగతుల విద్యార్థులకు పఠనీయమయ్యెను. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకు పురుషులతో సమానముగా పట్టము లిచ్చినది 1948 లో. లండను రాయల్ సొసైటీవారు ఆమె ప్రతిమను చెక్కించి తమ మందిరమున నుంచుకొనిరి గాని స్త్రీలను సభ్యులుగా నెన్నుకొనుటకు 1945 వఱకు ఆగిరి.

బైరను కవి కూతురు ఏడా గణితము చదువగోరినపుడు ఆమెకు సహాయపడినవారిలో మేరీయు నొకతె. 1840 లో ఏడాకు గురువుగా కుదిరినవాడు ఆగస్టస్ డి మోర్గను, గొప్ప గణితవేత్త, శ్రద్ధగా చెప్పినవాడు. ఆయనయే 1844 లో ఏడా తల్లికి జాబు వ్రాయుచు, ఇంతటి మానసిక శ్రమ స్త్రీశరీరము భరింపగలదాయని సందేహము తెలిపెను. మేరీ తండ్రి క్రొవ్వొత్తిని చూచి యనిన మాటయే యిది. ఈసారి యాచార్యుని నోట శాస్త్రమువలె వెలువడెను.

ఆ సందేహము వ్రాయబడిన నాటికి మేరీకి అఱువదిమూడేండ్లు. ఇంకను గ్రంథములు వ్రాయవలసియుండెను. కడపటిది 1869 లో ప్రకటింపబడెను. తొంబదియేండ్లు దాటినపిమ్మట నేపుల్సు పట్టణమున, ప్రొద్దుట నాలుగైదు గంటలు ఉన్నత బీజగణితము చదువుచు, నేడు తెగని లెక్కను రేపు మరల పట్టుచుంటినని వ్రాసికొన్నది. 1872 నవంబరు 29 వ తేదీన మరణించెను. ఆమె గణితగ్రంథములు అప్పుడప్పుడే ప్రారంభమైయున్న స్త్రీల కళాశాలకు, నేటి గర్టను కళాశాలకు, చేరినవి. మఱుసటియేట కుమార్తె మార్తా తల్లి స్వీయచరిత్రమును ప్రకటించెను. క్రా యను నుపాధ్యాయు డొక డుండెనని మనకు తెలిసినది దానివలననే.