కుడి చెప్పుల కోసం కాచుకున్న మూత్రపిండం

మన ఒంట్లోని మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలతో కట్టినవే. ఒక్క గ్లైసిన్ తప్ప వాటన్నిటికీ, జత చెప్పుల్లాగా, రెండేసి రూపాలుంటాయి. ఎల్ రూపం ఎడమకాలి చెప్పు అనుకుంటే డి రూపం కుడికాలిది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ఒకదాని చోట రెండోది ఇమడదు. ఒళ్ళు మాంసకృత్తులు కట్టుకునేది ఎల్ రూపంతోనే. అందుకే జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ 1933లో ప్రకటించిన ఒక ఫలితం నన్ను పట్టి ఆపేసింది. ఆయన మూత్రపిండపు ముక్కలకు రెండు రూపాలనూ విడివిడిగా అందించి చూశాడు. ఒంటికి కావలసిన ఎల్ రూపం కన్నా అక్కర్లేని డి రూపాన్నే ఆ ముక్కలు చకచకా దహించేశాయి. ఎప్పుడూ రాని చుట్టం కోసం ఎవరైనా రోజూ ఎసరు పెట్టుకుని కూర్చుంటారా?

ఈ ప్రశ్న వెంట పడితే కథ బెర్లిన్ దాకా వెళ్ళింది. అక్కడ ఆటో వార్‌బర్గ్ ప్రయోగశాలలో క్రెబ్స్ 1926 నుంచి 1930 దాకా పనిచేశాడు. జంతువు కణజాలాన్ని పదునైన బ్లేడుతో అర మిల్లీమీటరు కన్నా పలచగా కోసి, బతికుండగానే దాని శ్వాసను కొలిచే పద్ధతి వార్‌బర్గ్‌ది. ముక్క మందమైతే ఆక్సిజన్ లోపలికి అందక నడిమి కణాలు చచ్చిపోతాయి. పలచగా ఉంటే ఉప్పునీటిలో గంటల తరబడి బతుకుతుంది. దాన్ని చిన్న గాజు కుప్పెలో వేసి, ఒంటి వెచ్చదనం ఉన్న నీటితొట్టెలో ఊపుతూ ఉంచుతారు. ముక్క ఆక్సిజన్ పీల్చుకున్నకొద్దీ పక్కనున్న సన్నటి గొట్టంలో ద్రవమట్టం మిల్లీమీటరు మిల్లీమీటరుగా కదులుతుంది. కాగితం మీద అంకెలు రాసుకోవడమే పని. ఆహారపు అణువులు ఒంట్లో ఏయే మెట్ల మీదుగా మారతాయో ఈ ముక్కలతోనే తెలుసుకోవాలని క్రెబ్స్ ఉబలాటపడ్డాడు. తన ప్రయోగశాలలో దానికి చోటు లేదన్నాడు గురువు. ఆ కోరిక ఫ్రైబుర్గ్‌లో తీరింది. 1932లో కుర్ట్ హెన్సెలైట్‌తో కలిసి కాలేయపు ముక్కలతో యూరియా చక్రాన్ని కనిపెట్టి, వెంటనే మూత్రపిండం మీదికి మళ్ళాడు.

ఆ పని నడుమనే, 1933 ఏప్రిల్‌లో, యూదుడన్న ఒకే ఒక్క కారణంతో నాజీలు ఆయన కొలువు ఊడబెరికారు. జూన్‌లో దేశం విడిచాడు. కేంబ్రిడ్జ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త గౌలాండ్ హాప్కిన్స్ చేరదీశాడు. తన పరికరాలను వెంట తెచ్చుకోగలగడం ఒక్కటే ఆయనకు దక్కిన అదృష్టం. జర్మనీ పోగొట్టుకున్నది ఒక మనిషిని మాత్రమే కాదు, ఒక పనితనపు పరంపరను. ఆ నష్టం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

1935కల్లా క్రెబ్స్ ఇంకొంత లోతుకు వెళ్ళాడు. కణజాలాన్ని నూరి నీళ్ళలోకి తీస్తే ఎల్ రూపాన్ని దహించే శక్తి పోయింది, డి రూపాన్ని దహించే శక్తి నిలిచింది. అంటే రెండు పనులకు రెండు వేరు వేరు ఎంజైములు. రెండోదానికే డి-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్ అని పేరు. 1938లో వార్‌బర్గ్, క్రిస్టియన్ ఈ ఎంజైము నుంచే ఎఫ్ఏడీ అనే తోడు అణువును వేరుచేశారు. రైబోఫ్లేవిన్ విటమిన్ ఒంట్లో పనిచేసే రూపాల్లో అదొకటి. అలా శిష్యుడు చూపిన ఎంజైములోనే గురువుకు ఒక గొప్ప ఫలితం దొరికింది.

అదే 1935లో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం సంగతీ తేలింది. దాన్ని విడగొట్టి అమ్మోనియా తీసే ఎంజైము మూత్రపిండంలో ఉందని క్రెబ్స్ చూపాడు. ఆ అమ్మోనియా రక్తంలోది కాదనీ, మూత్రపిండం సొంతంగా తయారుచేసుకుంటుందనీ నాష్, బెనెడిక్ట్ 1921లోనే చెప్పి ఉన్నారు. ఒంట్లో పేరుకున్న ఆమ్లం ఆ అమ్మోనియాతో కలిసి మూత్రంలో బయటికి పోతుంది. 1937లో బెనోయ్, ఇలియట్ అనే ఇద్దరు, మూత్రపిండపు ముక్కలు లాక్టిక్ ఆమ్లం నుంచి చక్కెర తయారుచేయగలవని చూపించారు. రోజుకు 180 లీటర్లు వడకట్టి, జారిపోబోయిన అమైనో ఆమ్లాల్లో నూటికి 98 పాళ్ళకు పైగా వెనక్కి లాక్కునే అవయవం ఇది. దాన్ని ఇంకా జల్లెడ అనే పిలుస్తున్నాం. అది వంటిల్లు కూడా.

ఆ ముక్కలు కోసే విద్య ఇప్పుడు అరుదైపోయింది. మూత్రపిండపు కణాలను ప్లాస్టిక్ పళ్ళేల్లో పెంచుతారు. పళ్ళెంలో కొన్ని తరాలు పెరిగేసరికి అవి తమ పనులు చాలా మరిచిపోతాయి. చక్కెర తయారీ తగ్గిపోతుంది, అమైనో ఆమ్లాలను లాక్కునే నేర్పు సన్నగిల్లుతుంది. పలచని ముక్కలో కణాలు ఇరుగుపొరుగుల మధ్య, పుట్టినచోటే ఉంటాయి. అందుకే ఆ పాత అంకెల మీద నాకింత గౌరవం.

మళ్ళీ డి రూపం దగ్గరికి వద్దాం, 1930ల తర్వాతి నాలుగైదు దశాబ్దాలు దాటేద్దాం. 1983లో జపాన్‌లో కొన్నో, యాసుమురా అనే ఇద్దరు, పుట్టుకతోనే డి-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్ లేని ఎలుకలను గుర్తించారు. వాటి మూత్రంలో డి-అలనిన్ పోగుపడి ఉంది. రాని చుట్టం నిజానికి రోజూ వస్తున్నాడన్నమాట. పేగుల్లోని బాక్టీరియా తమ గోడలను డి-అలనిన్‌తో కట్టుకుంటాయి. పెరుగును తోడుపెట్టే బాక్టీరియాదీ అదే తీరు. పెరుగన్నం తిన్న ప్రతిసారీ మనం కాసింత డి రూపాన్ని మింగుతూనే ఉన్నాం.

ఇంకో చుట్టరికం 1992లో బయటపడింది. ఎలుకల మెదడులో డి-సెరిన్ దండిగా ఉందని జపాన్‌లోనే హషిమొటో బృందం కనుగొంది. కుడి చెప్పు ఒంటికి అక్కర్లేదన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది.

2016లో జపాన్ పరిశోధకులే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్న 108 మంది రక్తం పరీక్షించారు. డి-సెరిన్, డి-ఆస్పరజిన్ మోతాదు ఎక్కువున్నవారిలో జబ్బు చివరి దశకు త్వరగా చేరుతోందని తేలింది.