స్వస్తిశ్రీతో మొదలై శాపంతో ముగిసే రాళ్లు

రాయలసీమలో నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో గంప కింద కోడి మాయమైతే ఇంటామె గడపగడపకూ పోయి విచారించదు. కొంగు నడుముకు దోపి నడివీధిలో నిలబడి గుప్పెడు దుమ్మెత్తి పోస్తుంది. "నా కోడిని తిన్నోళ్లింట్లో పీనుగెల్ల, వాళ్ల నోట్లో మన్నుబడ, వాళ్ల పాడె గట్ట!" ఎవరి పేరూ ఎత్తదు. తగలాల్సినవాళ్లకు ఎట్లాగూ తగులుతుంది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగుతుందే తప్ప మాట కోసం ఒక్కసారీ తడుముకోదు.

ఈ సీమలో శాపనార్థాలు తెలుగు రాతంత పాతవి. పక్కనున్న కడప జిల్లాలోని ఎర్రగుడిపాడులో రేనాటి చోళుల శాసనం ఒకటుంది. ఆరో శతాబ్ది చివరి నాటిది, తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. రాజు ఒక బ్రాహ్మణుడికి పన్నసగా, అంటే దానంగా, భూమి ఇచ్చాడు, దానికి సాక్షులు ఫలానా వాళ్లు. విషయం ఇంతే. కానీ మొదలయ్యేది స్వస్తిశ్రీతో, ముగిసేది దీనికి అడ్డొచ్చినవాడు పంచమహాపాతకుడవుతాడన్న హెచ్చరికతో. సబ్ రిజిస్ట్రారు లేని కాలంలో పొలానికి శాపమే కంచె.

తర్వాతి శతాబ్దాల్లో ఆ కంచె ఎత్తు పెరిగింది. దానాన్ని చెరిపినవాడికి కాశీలో వేయి కవిల ఆవులను చంపిన పాపం చుట్టుకుంటుందన్నారు. ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని చెప్పే సంస్కృత శ్లోకం రాగిరేకుల చివర మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రాజముద్ర కింద ఉంది కాబట్టి అది ధర్మశాస్త్రం. అదే సంగతి సంతలో ఒకడు పచ్చి తెలుగులో అంటే బూతు!

ఈ వాక్యాలను ఎవరూ అప్పటికప్పుడు అల్లలేదు. లేఖకుల నోట నానిన మాటలే రాతికెక్కాయి. కోడి పోయినామె తిట్లూ అంతే. తయారుగా ఉన్న మాటల మూటను మెదడు ఎక్కడ దాస్తుందో తెలిసింది మాత్రం జబ్బుపడినవాళ్ల వల్ల. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన లెబోర్న్ అనే రోగికి ఇరవయ్యేళ్లకు పైగా మాట లేదు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. కోపం నషాళానికంటితే మాత్రం శుభ్రంగా ఒక తిట్టు ఊడిపడేది. అతడు చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం చెడిపోయి ఉంది. వాక్యం కూర్చే చోటు పోయినా తిట్టు పోలేదన్నమాట. కణితి వల్ల ఎడమ అర్ధగోళాన్నే తీసేయాల్సివచ్చిన ఒక అమెరికన్ రోగి కూడా తిట్లు తిట్టగలిగాడని 1966లో ఒక కేసు అచ్చయింది.

వీటికంటే విచిత్రమైన కేసు 1993లో వెలువడింది. హీబ్రూ, ఫ్రెంచి మాట్లాడే ఓ పెద్దాయనకు మెదడు కుడివైపు లోతున, బేసల్ గాంగ్లియా దగ్గర రక్తప్రసరణ ఆగింది. మామూలు సంభాషణ బాగానే సాగింది. తిట్లు పోయాయి, వాటితో పాటు రోజూ చదివే ప్రార్థనలూ పోయాయి! స్వస్తిశ్రీ, పంచమహాపాతకం ఒకే రాతి మీద ఎందుకు ఇమిడాయో ఆ పెద్దాయన మెదడు చెప్పినంత బాగా ఏ శాసన పరిశోధకుడూ చెప్పలేడేమో.

తిరుపతి గంగమ్మ జాతరలో ప్రార్థననూ తిట్టునూ జనం ఎన్నడూ విడదీయలేదు. దాక్కున్న పాలెగాణ్ణి వెలికి రప్పించడానికి అమ్మవారు వేషాలు మార్చి దూషించిందని కథ. అందుకే వేషం కట్టిన భక్తులు బూతులు తిడుతూ ఊరు తిరుగుతారు. మొక్కూ అదే, తిట్టూ అదే.

తిట్టు నాటుకునేది చిన్నప్పుడు. టర్కీ నుంచి అమెరికా వెళ్లినవాళ్ల మీద 2003లో అచ్చయిన పరిశోధనలో, చిన్ననాటి మందలింపులు సొంత భాషలో వినిపించినప్పుడే వాళ్ల చర్మం ఎక్కువగా స్పందించింది. వానల్లేక బెంగళూరు చేరి, మేస్త్రీతో కన్నడంలో కూలి బేరమాడే అనంతపురం మనిషికి సుత్తి వేలి మీద పడితే "నీయబ్బ!" అనే వస్తుంది. దాంతో నొప్పి కూడా కొంత తగ్గుతుందట. 2009లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులను మంచునీళ్లలో చెయ్యి పెట్టమన్నారు. తిట్టుకుంటూ పెట్టినప్పుడు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. బల్లను వర్ణించే మాట ఒకటి వల్లిస్తూ పెట్టినప్పుడు త్వరగా తీసేశారు.