ఆమ్లం ఎంత? ఆమ్లత ఎంత? – పీహెచ్ భావన చరిత్ర

విద్యార్థులారా! రెండు శంఖాకార కుప్పెలను ఊహించుకోండి. ఒకదానిలో 10 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండోదానిలో అంతే పరిమాణం, అంతే గాఢత గల ఎసిటిక్ ఆమ్లం ఉన్నాయి. ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేస్తే రెండింటికీ 10 మి.లీ. క్షారమే పడుతుంది. బ్యూరెట్ లెక్క ప్రకారం రెండూ సమానమే. కాని అంశమాపనానికి ముందు పీహెచ్ మీటరుతో కొలిస్తే మొదటిది సుమారు 1, రెండోది సుమారు 2.9 చూపుతాయి. అంటే మొదటి కుప్పెలో స్వేచ్ఛగా ఉన్న హైడ్రోజన్ అయాన్ల గాఢత రెండోదానికి దాదాపు 75 రెట్లు.

బ్యూరెట్ చెప్పేది ద్రావణంలో మొత్తం ఆమ్లం ఎంత ఉందో. పీహెచ్ చెప్పేది ఆ క్షణంలో ఎంత ఆమ్లత పనిచేస్తున్నదో. ఈ రెండూ వేర్వేరని శాస్త్రజ్ఞులు స్పష్టంగా గుర్తించడానికి చాలా కాలం పట్టింది. గుర్తించిన తరువాత జీవరసాయన ప్రయోగాల తీరే మారిపోయింది. అది ఎలా జరిగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. రంగు నుంచి అయాన్ వరకు

పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పసుపు ఒక సహజ సూచిక. ఇలాంటి మొక్కల రంగులను రసాయన పరీక్షకు క్రమబద్ధంగా వాడినవారిలో రాబర్ట్ బాయిల్ ముఖ్యులు. 1664లో ప్రచురించిన రంగుల గ్రంథంలో ఆయన వయొలెట్ పూల రసం ఆమ్లాలతో ఎరుపుగా, క్షారాలతో ఆకుపచ్చగా మారడాన్ని వివరించారు. అయితే రంగు మార్పు ఆమ్లమా, క్షారమా అని చెప్పగలదే కాని, ఎంత అన్నది అంత సులభంగా చెప్పలేదు.

ఆమ్లత అంటే ఏమిటన్న ప్రశ్నకు దారి చూపినది స్వాంటె అరీనియస్ అయనీకరణ సిద్ధాంతం. ఆయన 1884లో సమర్పించిన పరిశోధన వ్యాసంతో ఇది మొదలైంది. ఆమ్లాలు నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇస్తాయి. బలమైన ఆమ్లం దాదాపు పూర్తిగా, బలహీన ఆమ్లం కొద్దిగా మాత్రమే అయనీకరణం చెందుతుంది. మన రెండు కుప్పెల చిక్కుకు సమాధానం ఇదే. ఎసిటిక్ ఆమ్లంలో అధిక భాగం అయనీకరణం చెందకుండానే ఉంటుంది. క్షారం కలిపేకొద్దీ అది కూడా హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తుంది కాబట్టి చివరికి బ్యూరెట్‌లో తేడా కనబడదు.

1889లో వాల్తేర్ నెర్న్‌స్ట్ అయాన్ గాఢతకూ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌కూ గల సంబంధాన్ని సమీకరణంగా ఇచ్చారు. దీనితో ద్రావణంలోని సమతాస్థితిని చెదరగొట్టకుండానే హైడ్రోజన్ అయాన్లను కొలిచే మార్గం ఏర్పడింది.

2. కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల, 1909

పీహెచ్ పుట్టినది ఒక బీరు కర్మాగారానికి అనుబంధంగా వెలసిన పరిశోధనశాలలో. కోపెన్‌హాగన్‌లో జె. సి. జాకబ్‌సెన్ 1875లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలను స్థాపించారు. నత్రజనిని అంచనా వేయడానికి మీరు చదివిన కెల్డాల్ పద్ధతి కూడా 1883లో అక్కడే రూపొందింది. కెల్డాల్ మరణానంతరం 1901లో రసాయన విభాగ బాధ్యత ఎస్. పి. ఎల్. సోరెన్‌సెన్ చేపట్టారు.

ఆయన ముందున్న సమస్య ఎంజైమ్‌లది. ఎంజైమ్ క్రియాశీలత ఆమ్లతపై ఆధారపడుతుందని అప్పటికే తెలుసు. కాని ప్రయోగంలో ఎంత ఆమ్లం కలిపారో మాత్రమే రాసుకుంటే చాలదు. ఎంజైమ్ ద్రావణంలో ప్రోటీన్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. కలిపిన ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లలో చాలా భాగాన్ని అవి పట్టి ఉంచుతాయి. కాబట్టి ఇద్దరు పరిశోధకులు ఒకే పరిమాణంలో ఆమ్లం కలిపినా, వారి ద్రావణాల శుద్ధతలో తేడా ఉంటే ఫలితాలు కలవవు. తప్పు ఎవరిదో తేల్చే మార్గమూ ఉండదు.

1909లో ప్రచురించిన తన ఎంజైమ్ అధ్యయనాలలో సోరెన్‌సెన్, లెక్కలోకి తీసుకోవలసినది కలిపిన ఆమ్లం కాదు, ద్రావణంలో స్వేచ్ఛగా మిగిలిన హైడ్రోజన్ అయాన్ల గాఢత అని నిరూపించారు. ఆ గాఢతలు అతి చిన్న సంఖ్యలు. పైగా వాటి వ్యాప్తి చాలా ఎక్కువ. అందుకే గాఢతను 10 ఘాతంగా రాసి, ఆ ఘాతాంకాన్ని ఋణ గుర్తు లేకుండా తీసుకున్నారు. గాఢత లీటరుకు 10⁻⁵ మోల్‌లైతే పీహెచ్ 5. అంటే పీహెచ్ హైడ్రోజన్ అయాన్ గాఢత యొక్క ఋణ సంవర్గమానం. నేటి నిర్వచనంలో గాఢతకు బదులు క్రియాత్మకతను తీసుకుంటారు.

ఈ సంవర్గమాన లక్షణాన్ని మీరు ఎప్పుడూ మరవకూడదు. పీహెచ్ 7 నుంచి 5కు తగ్గితే ఆమ్లత రెండు రెట్లు కాదు, 100 రెట్లు పెరుగుతుంది.

3. స్థిరంగా ఉంచే ఉపాయం – బఫర్

కొలవడం ఒక ఎత్తు, ప్రయోగం పొడవునా ఆ విలువను నిలపడం మరో ఎత్తు. ఒక లీటరు శుద్ధజలానికి 1 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే పీహెచ్ 7 నుంచి 4కు పడిపోతుంది. అదే ఆమ్లాన్ని పీహెచ్ 7 వద్ద ఉన్న 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌కు కలిపితే మార్పు మూడో దశాంశ స్థానంలో మాత్రమే కనిపిస్తుంది. సోరెన్‌సెన్ తన పీహెచ్ కొలబద్దతో పాటు ఫాస్ఫేట్, సిట్రేట్, బోరేట్, గ్లైసిన్ వంటి ప్రామాణిక బఫర్లనూ, తగిన రంగు సూచికలనూ అందించారు. ఆయన పద్ధతి ఇతర ప్రయోగశాలలకు వ్యాపించడానికి ఇది ముఖ్య కారణం.

దీని ఫలితం త్వరలోనే కనిపించింది. విక్టర్ హెన్రీ 1903లో ఇన్వర్టేజ్ చర్యకు గణిత సమీకరణం ప్రతిపాదించారు; కాని ఆయన ప్రయోగాలలో హైడ్రోజన్ అయాన్ గాఢతపై నియంత్రణ లేదు. 1913లో లియోనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ అదే ఎంజైమ్‌ను ఎసిటేట్ బఫర్‌లో పరిశీలించి, తొలి వేగాలను కొలిచి, నేడు మీరు చదివే గతిశాస్త్ర సమీకరణాన్ని ప్రయోగాత్మకంగా నిలబెట్టారు. వైద్యరంగంలో ఎల్. జె. హెండర్సన్ 1908లో ఇచ్చిన సంబంధాన్ని డెన్మార్క్‌కు చెందిన హాసెల్‌బాల్క్ పీహెచ్ రూపంలోకి మార్చారు. మన ధమనుల్లోని రక్తం 7.35 – 7.45 మధ్య ఎలా నిలుస్తుందో వివరించేది ఆ సమీకరణమే.

4. నిమ్మరసం కోసం ఒక పరికరం

హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో కొలవడం నేర్పు కోరే పని. గాజు ఎలక్ట్రోడ్ 1909 నాటికే తెలిసినా, దాని నిరోధం మరీ ఎక్కువ కావడంతో గాల్వనామీటరుకు అందాలంటే గాజును చాలా పలుచగా, పెళుసుగా చేయవలసి వచ్చేది. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్‌ను ఆయన పాత సహవిద్యార్థి ఒకరు నిమ్మరసం ఆమ్లతను కొలిచే సాధనం అడిగారు. ఆ రసంలో నిల్వ కోసం కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ లిట్మస్ రంగును పోగొట్టేది, హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను పాడుచేసేది. బెక్‌మన్ వాక్యూమ్ ట్యూబుల యాంప్లిఫయర్‌ను జోడించి, దృఢమైన గాజు ఎలక్ట్రోడ్ సరిపోయేలా చేశారు. ఆ పరికరం 1935లో మార్కెట్‌కు వచ్చింది. నిపుణుల చేతిలోని కొలత సాధారణ విద్యార్థి చేతికి అందింది.

5. నియమం నుంచి చోదకశక్తికి

ఇంతవరకు పీహెచ్ ప్రయోగంలో అదుపులో ఉంచవలసిన ఒక నియమం. 1961లో పీటర్ మిచెల్ మరో మాట చెప్పారు: పొరకు రెండు వైపులా ఉన్న హైడ్రోజన్ అయాన్ల తేడాయే కణంలో ఏటీపీ తయారీకి శక్తినిస్తుంది. చాలామంది నమ్మలేదు. 1966లో జాగెన్‌డార్ఫ్, ఉరిబె పాలకూర క్లోరోప్లాస్ట్‌లను పీహెచ్ 4 వద్ద ఉంచి, తరువాత చీకట్లోనే ఏడీపీ, ఫాస్ఫేట్‌లతో పీహెచ్ 8 మాధ్యమంలోకి మార్చారు. వెలుతురు లేకుండానే ఏటీపీ తయారైంది. మిచెల్‌కు 1978లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. బఫర్ల సాయంతో ఆ తేడాను కోరినట్లు కల్పించగలిగారు కాబట్టే ఈ పరీక్ష సాధ్యమైంది.

ముగింపు

ఒకరి ప్రయోగాన్ని మరొకరు, మరొక చోట, తిరిగి చేసి సరిచూడగలిగినప్పుడే దానికి విలువ. పీహెచ్ చరిత్ర నేర్పేది ఇదే. కాబట్టి మీ రికార్డులో "కొద్దిగా ఆమ్లం కలిపాం" అని రాయకండి. ఏ బఫర్, ఎంత గాఢత, ఎంత పీహెచ్, ఏ ఉష్ణోగ్రత అన్నవి రాయండి. ఉష్ణోగ్రత ఎందుకంటే, శుద్ధజలం పీహెచ్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 7.0 కాగా, 37 డిగ్రీల వద్ద సుమారు 6.8, అయినా అది తటస్థమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పీహెచ్ 4, పీహెచ్ 6 గల రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణాలను సమాన ఘనపరిమాణాల్లో కలిపితే మిశ్రమం పీహెచ్ 5 అవుతుందా? ముందుగా అయాన్ల గాఢతలను సగటు చేసి, ఆ తరువాతే సంవర్గమానం తీసుకోండి. సమాధానం సుమారు 4.3 వస్తే ఈ పాఠంలోని ముఖ్యాంశం మీకు అర్థమైనట్లే.