నియంత ఎవరు? వారసులెవరు?

ఏటా సెప్టెంబర్ 17 రాగానే వరంగల్‌లో మమ్మల్ని ఒక ప్రశ్న వెతుక్కుంటూ వస్తుంది. నిజాం నియంతా, కాదా? అవునంటే భయపడి అన్నామంటారు. కాదంటే చూశారా వీళ్ల బుద్ధి అంటారు. 2022లో ఆ రోజును కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో రాష్ట్రం దాన్నే ప్రజాపాలన దినం చేసింది. పేర్లు మారాయి గాని మా మీద అనుమానం మారలేదు. అందుకే జవాబు మా కోసం మేమే తేల్చుకోవాలి.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కి 1948 దాకా 37 ఏళ్లు ఏలాడు. ఆయన్ను మెచ్చుకునేవాళ్లు మాలోనూ ఉన్నారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ, తర్వాత నిజాంసాగర్, 1934లో మన ఊళ్లో ఆజంజాహి మిల్లు, ఇవన్నీ చెబుతారు. అబద్ధం కాదు. ఆ మిల్లు ఎన్నో ఇండ్లకు కూడు పెట్టింది. కాని ఏమేం కట్టించాడో లెక్కబెడితే నియంతా కాదా అన్నది తేలదు. కాదన్న మనిషికి ఆ రాజ్యంలో ఏం జరిగిందో చూడాలి.

గస్తీ నిషాన్ 53 ఉండేది. అనుమతి లేకుండా సభ పెట్టరాదు. 1938లో స్టేట్ కాంగ్రెస్‌ను ఏర్పడక ముందే నిషేధించారు. మా వరంగల్ కాళోజీ జైలుపాలయ్యాడు. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా పండుగ నాడు బత్తిని మొగిలయ్య గౌడ్‌ను రజాకార్లు చంపారు. ఆయన వంశపారంపర్యపు రాజే గాని నియంత కాదనే వాదన ఒకటుంది. పైన బ్రిటిష్ వాళ్లున్నారు గదా అంటారు. ఉన్నారు. బేరార్ కోసం సమానుడిలా మాట్లాడబోతే 1926లో వైస్రాయ్ రీడింగ్ నోరు మూయించాడు. పైవాడికి తలొగ్గినవాడు కిందివాళ్లకు ఒక్క హక్కయినా ఇచ్చాడా? ఇవ్వలేదు. కాబట్టి నియంతే. ఈ మాట మేము ఎవరి భయానికో అనడం లేదు.

మరి ఆ రాజ్యం ఎవరిది? మజ్లిస్ 'అనల్ మాలిక్' అనే నినాదమిచ్చింది. ప్రతి ముసల్మానూ పాలకుడేనంది. టాంగా తోలేవాడు, దూది ఏకే దూదేకుల, ఇంటింటికీ తిరిగే ఫకీరు, అందరూ మాలిక్‌లేనట! వాళ్ల చేతిలో గుంట భూమి లేదు. భూమి జాగీర్దార్ల దగ్గర, దేశ్‌ముఖ్‌ల గడీల్లో ఉంది. ఆ దేశ్‌ముఖ్‌లలో ఎక్కువమంది హిందువులే. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని ఎదిరించి, భూమి కోసం కోర్టుకెక్కిన కామారెడ్డిగూడెం షేక్ బందగీని 1940లో నరికి చంపారు. బందగీ ముసల్మాన్. నిజాం రాజ్యం అతని పక్కన నిలబడలేదు, గడీ పక్కన నిలబడింది. హైదరాబాద్ ఇండియాలో కలవాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసిన షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చేయి నరికి చంపారు. ఆయనా ముసల్మానే. నిజాంను ప్రశ్నించడం మాకు ఎవరో వచ్చి నేర్పాలా?

1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే పాడుబడ్డాయి. ఆ నివేదిక 2013 దాకా జనం ముందుకు రాలేదు. మరి నియంతకు పడ్డ శిక్ష? 1950 జనవరి 26న రాజప్రముఖ్ పదవి, ఏటా 50 లక్షల రాజభరణం. 1956 దాకా పదవిలో ఉన్నాడు. 1967లో తన మహల్‌లోనే కన్నుమూశాడు. దేశ్‌ముఖ్‌లు టోపీలు మార్చి ఊళ్లకు తిరిగొచ్చారు. లెక్క కట్టింది ఆ రాజ్యంలో ఏమీ లేని ముసల్మాన్.

ఇప్పుడు మా వాళ్లకొక మాట. నిజాంను తలచుకుని నిట్టూర్చడం మానుదాం. ఆ మాలిక్‌గిరీ మనకు అన్నం పెట్టలేదు, కత్తుల ముందు నిలబెట్టి పోయింది. మమ్మల్ని నిలదీసేవాళ్లకొక మాట. నిజాం నియంతేనని మేము చెప్పాం. ఆయన్ను రాజప్రముఖ్ చేసినవాళ్లను, ఆయన నీడన గడీలు కట్టుకున్నవాళ్ల వారసులను కూడా ఇదే ప్రశ్న అడగండి. మేము నిజాం వారసులం కాము. మాకు వారసత్వం కావాలంటే బందగీ ఉన్నాడు, షోయబ్ ఉన్నాడు.