బొబ్బిలి వీధుల్లో ఒక పూట

మన అమెరాత్ పిల్లలు కొండ దాటి మస్కట్ వెళితే, పోర్చుగీసువారు కట్టిన జలాలీ, మిరానీ కోటలను చూస్తారు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు వారికి బొబ్బిలి కూడా చూపించాలి. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లే.

అక్కడ పాత కోట కనిపించదు. అది మట్టికోట. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగుల దెబ్బకు కూలిపోయింది. యుద్ధభూమిలో ఇప్పుడు ఒక స్మారక స్తంభం ఉంది. నడక అక్కడే మొదలుపెట్టండి.

బొబ్బిలి, విజయనగరం ఇరుగుపొరుగు సంస్థానాలు. వాటి మధ్య పాతకక్షలు. విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొచ్చాడు. కోట నిలవదని తేలాక, బొబ్బిలి ప్రభువు రంగారావు ఆజ్ఞపై అంతఃపుర స్త్రీలను, పిల్లలను సొంతవారే చంపారు. ఆపైన వీరులు పోరాడి నేలకొరిగారు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు.

1868లో జపానులోని ఐజు సమురాయి నగరాన్ని శత్రువులు ముట్టడించినప్పుడు కూడా ఎందరో స్త్రీలు ఇళ్ళలోనే ప్రాణాలు తీసుకున్నారు. ఎక్కడైనా పౌరుషానికి మూల్యం చెల్లించేది వీరులొక్కరే కాదు.

1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా చూసిన మనకు రంగారావు, పాపారాయుడు గుర్తున్నారు. స్తంభం దగ్గర పిల్లలకు, పేరు మిగలని ఆ తల్లుల గురించి కూడా చెబుదాం. ఆనాడు బతికి బయటపడ్డ పసివాడు చిన రంగారావు వల్లే సంస్థానం మళ్ళీ నిలిచిందనీ చెబుదాం.

తిరిగొచ్చేముందు దగ్గర్లోని గొల్లపల్లి వెళ్ళండి. అక్కడ ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. కత్తులకు పేరుపడ్డ బొబ్బిలికి ఈ పేరూ ఉందని పిల్లలు తెలుసుకోవాలి.