హింసను ఏ పద్దున వ్రాయవలెను?

సకల హింసలకును మతమే మూలమని కొందఱందురు. దైవభీతి తొలగిననాడే మనుజుడు పులి యగునని మఱికొందఱు వాదింతురు. గ్రంథాలయపు టరుగులపై ఈ తగవు నేటికిని తెగలేదు. దూరదేశముల చరిత్రలు తిరుగవేయుటకు ముందు మన ములకలపల్లి చుట్టుపట్ల జరిగిన వృత్తాంతములను పరిశీలించుట మేలు.

పొరుగున నున్న పాల్వంచ పరగణాకు కంచెర్ల గోపన్న తహశీలుదారు. సర్కారు పైకమును భద్రాద్రి రాముని కోవెలకు వెచ్చించి ఆయన గోలకొండ చెఱసాల పాలయ్యెను. మహమ్మదీయ ప్రభువు రామభక్తుని పెట్టిన బాధగా దీనిని చెప్పుకొనుట వాడుక. లెక్క లెఱిగినవానికి మఱియొకటి తోచును. శిస్తుసొమ్ము ఖజానాకు చేరనిచో ఏ మతపు రాజైనను ఊరకుండునా? ఆ సుల్తాను అబుల్ హసన్ తానీషాకు ప్రధానమంత్రి మాదన్న. అతని సోదరుడు అక్కన్నయు కొలువులో పెద్ద యధికారి. ఇరువురును బ్రాహ్మణులు. గోపన్న వారికి మేనల్లుడని ప్రతీతి. గోపన్నను విడిపించినవాడును ఆ తానీషాయే. సీతారాముల కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయననాటినుండియే వచ్చుచున్నదని పెద్దలు చెప్పుదురు.

కథ అంతటితో ముగియలేదు. 1686లో మాదన్నయు అక్కన్నయు గోలకొండలో కుట్రకు బలియైరి. మఱుసటియేట ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట కోటను పట్టెను. పేష్కషు బాకీపడుట, మరాఠాలకు తోడ్పడుట, బ్రాహ్మణ మంత్రులకు అధికార మిచ్చుట తానీషాపై మోపిన నేరములు. మూడింట మతమున కెక్కునది ఒక్కటే. గోపన్నను చెఱబెట్టిన సుల్తాను, ఇస్లాము మతస్థుడే యైన చక్రవర్తి చెఱలో, దౌలతాబాదు కోటయందు కన్నుమూసెను.

1879లో రంప పితూరీ నాటి భద్రాచలము తాలూకాలోని రేకపల్లికి వ్యాపించినప్పుడు కొండజనులకు కోపము తెప్పించినది పరుల దేవుడు కాడు, పెరిగిన పోడుపన్నును అడవి నిర్బంధములును.

నిజాము రాజ్యపు కడపటి దినములు ఇంకను చిక్కైనవి. విసునూరు దేశముఖు హిందువు. అతని మనుష్యులు చంపిన షేక్ బందగీ ముసల్మాను, చిన్నరైతు. భూమి వ్యాజ్యము కోర్టులో గెలుచుటయే అతని నేరము. 1947 నాటి “మా భూమి” నాటకమునకు ప్రేరణ అతని కథయే. 1946 జూలై 4న కడవెండిలో ఆ దొర మనుష్యుల తుపాకికి కూలిన దొడ్డి కొమరయ్య హిందువు. 1948లో రజాకార్లు మతము పేరు చెప్పి ఊళ్లు తగులబెట్టిరి. ఆగస్టులో బైరాన్‌పల్లి జనమును కాల్చిచంపిరి. ఇచట మతము నిర్దోషి యనుట కల్ల. అయినను ఆ నెలలోనే హైదరాబాదులో వారు “ఇమ్రోజ్” పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖానును పొట్టనబెట్టుకొనిరి, ఆయనయు ముసల్మానే. సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి రజాకార్ల ఆట కట్టించెను. పిమ్మట ఏ పాపము నెఱుగని ముస్లిములు వేలకొలది హతులైరి. సుందర్‌లాల్ సంఘము మృతులను 27,000 నుండి 40,000 వఱకు అంచనా వేసెను. ఆ నివేదిక బహుకాలము దస్త్రములలో మూతపడియుండెను. బైరాన్‌పల్లిని తలచుకొనువారు ఈ యంకెను మఱచుట న్యాయము కాదు.

ఇక నాస్తికులు. తెలంగాణమున పెక్కు గ్రామములలో వెట్టిని మాన్పించి దున్నువానికి భూమి పంచినది కమ్యూనిస్టు దళములు. నాయకులలో పెక్కురు దేవుని నమ్మనివారు. వెంట నడచిన రైతులు ముత్యాలమ్మకు మ్రొక్కువారు. 1951 అక్టోబరులో పోరాటమును విరమించు వఱకు దొరలేకాక వారి గుమాస్తాలు, పట్వారీలు, వేగులవారని అనుమానింపబడినవారును దళముల చేతిలో చచ్చిరి. పట్వారీ కలము చేసిన కీడును తక్కువది కాదనుకొనుడు. రష్యాలో, దేవుడు లేడన్న స్టాలిను ప్రభుత్వము, 1937-38 సంవత్సరములలోనే 6,80,000కు పైబడిన జనమును కాల్పించెను. అచట ఏలికను లెక్క యడుగువాడు లేడు. విసునూరు గడీలోను లేడు. కావున ఈ పద్దును నమ్మకము క్రిందనో అపనమ్మకము క్రిందనో వ్రాయుటకంటె, జవాబు చెప్పనక్కఱలేని అధికారము క్రింద వ్రాయుట సరియగు లెక్క.

దేవుడు లేడను ఆ మాటనే చెప్పిన గోరా 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించెను. వెన్నెల రాత్రులందు అన్ని కులములవారిని ఒక్క బంతిని కూర్చుండబెట్టి భోజనములు నడిపెను. దైవవిషయమున గాంధీమహాత్మునితో వాదించెనే గాని, ఆయన చూపిన సత్యాగ్రహమార్గమును విడువలేదు.