నేరంగా మారిన పాట: ‘ప్లాస్టిక్ పీపుల్’ బృందం, చెక్ ప్రతిఘటన సంస్కృతి

రాక్ బృందాల ప్రభావాన్ని అంచనా వేయడానికి రికార్డుల అమ్మకాలనూ, నిండిన స్టేడియాలనూ ఆధారంగా తీసుకోవడం పరిపాటి. చెకోస్లోవేకియాకు చెందిన ‘ద ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్’ విషయంలో ఆ రెండూ దొరకవు. కమ్యూనిస్టు పాలన ఉన్నంతకాలం వారి ఆల్బమ్ ఒక్కటీ స్వదేశంలో అధికారికంగా వెలువడలేదు. అయినా ఆ దేశపు సమీప చరిత్రలో వారిని దాటి వెళ్లలేం. అందుకు కారణం పాటల్లోని రాజకీయం కాదు, రాజకీయం లేని పాటను కూడా సహించలేకపోయిన రాజ్యమే అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

1968 ఆగస్టులో వార్సా ఒప్పంద దేశాల సేనలు చెకోస్లోవేకియాను ఆక్రమించాయి. కొద్ది వారాలకే ఇరవై ఏళ్లయినా నిండని మిలాన్ హ్లావ్సా ప్రాగ్‌లో మిత్రులతో ఈ బృందం కట్టాడు. పేరు అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా పాట నుంచి తీసుకున్నారు. అమెరికన్ రాక్ బృందం వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పాటలు పాడేవారు. 1970లో ప్రభుత్వం వారి వృత్తి కళాకారుల లైసెన్సు రద్దు చేసింది. దాంతోపాటే ప్రభుత్వమిచ్చిన వాయిద్య సామగ్రీ పోయింది. ఇక పల్లెల్లో, పెళ్లి విందుల మాటున కచేరీలు చేశారు. వేదిక ఎక్కడో నోటిమాటగానే తెలిసేది.

ఈ దశలోనే వారు ఇంగ్లీషు పాటలు వదిలి, ప్రచురణకు నోచుకోని కవి ఎగాన్ బాండీ చెక్ కవితలకు బాణీలు కట్టారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అరువు గొంతు పోయి సొంత గొంతు వచ్చింది. ఆ పాటల్లో పాలకులపై నినాదాలు లేవు. మలబద్ధకం మీద కూడా ఒక పాట ఉంది. వారి మార్గదర్శి, కళాచరిత్రకారుడు ఇవాన్ యిరౌస్ దీన్ని ‘రెండో సంస్కృతి’ అన్నాడు. అధికార సంస్కృతితో పోటీ పడకుండా, దాని గుర్తింపు కోరకుండా బతికే సంస్కృతి అది.

1976 మార్చిలో బృంద సభ్యులూ, వారి సహచరులూ అరెస్టయ్యారు. సెప్టెంబరులో యిరౌస్‌కు 18 నెలలు, మరో బృందానికి చెందిన పావెల్ జాయీచెక్‌కు 12 నెలలు, సాక్సోఫోన్ వాద్యకారుడు బ్రబెనెట్స్‌కూ, పాటలు కట్టే పాస్టర్ కారాసెక్‌కూ 8 నెలల చొప్పున జైలుశిక్ష పడింది. అభియోగం శాంతిభంగం. ఈ విచారణ నాటకకర్త వాత్స్లావ్ హావెల్‌ను కదిలించింది. పాత అసమ్మతివాదులపై దాడి అయితే అది రాజకీయ ప్రత్యర్థుల పోరు. తమ ఇష్టం వచ్చినట్టు బతకాలనుకున్న యువకులపై దాడి జీవితం మీదే దాడి అని ఆయన గ్రహించాడు. పార్టీ బహిష్కరించిన కమ్యూనిస్టులు, క్రైస్తవులు, రచయితలు, పొడవాటి జుట్టు కుర్రాళ్లు ఒకచోట చేరారు. 1977 జనవరిలో ‘చార్టర్ 77’ అనే మానవహక్కుల ప్రకటన వెలువడింది. కమ్యూనిస్టు పాలన కూలాక, 1989లో హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు.

2006లో నాటకకర్త టామ్ స్టాపర్డ్ రాసిన ‘రాక్ ఎన్ రోల్’ నాటకం ఈ చరిత్రను లండన్ వేదికకు తెచ్చింది. ఈ కీర్తికి మరో పార్శ్వమూ ఉంది. జైలుకెళ్లిన బృందంగా పేరొచ్చాక సంగీతకారులుగా వారిని వినడం తగ్గింది. 1978లో హావెల్ పల్లె ఇంట్లో క్రీస్తు శ్రమల కథను వారు రికార్డు చేశారు. దాన్ని విచారణ పత్రాలకు అనుబంధంగా కాక, స్వరరచనగా పరిశీలించాలి.